వాపసు మీట

నేను దొంగ పరీక్ష రాశానని ఒక ఆఫీసరు నా మొహం మీదే అన్నాడు. ఇంకొకరి బదులు కూర్చున్నానట. నేను చేసిందల్లా కాగితం మీద నా నంబరు నేను కొట్టుకోవడం. ఆయన మీద నాకు ఒళ్లు మండింది. అయితే ఆయన చేతిలో ఉన్న కాగితం చూస్తే నేనైనా అదే మాట అనేవాణ్ణి. ఇది మొదటి నుంచే చెప్పాలి, మధ్యలో నుంచి మొదలుపెడితే నాకే తికమకగా ఉంటుంది.

నా పేరు ఇంద్రసేన. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నాకు నలభై మూడేళ్లు. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఒక సర్కారు ఆఫీసులో ఉర్దూ టైపిస్టును. పద్నాలుగేళ్లుగా అదే కుర్చీ, అదే మిషను. రాష్ట్రం మారింది, ఆఫీసు బోర్డు మారింది, పై అధికారులు మారారు. ఉర్దూ చిట్టీలు, అంటే ఆఫీసు ఉత్తరాలు, రోజుకు పాతిక వచ్చేవి పదికి దిగాయి, పది రెండుకు దిగాయి. ఆఖరుకు ఒక ఆర్డరు వచ్చింది. ఉర్దూ టైపిస్టులందరూ ఇంగ్లీషు టైపులో లోయర్ పరీక్ష పాసు కావాలి, రెండుసార్లు అవకాశం ఇస్తారు, రెండోసారి కూడా తప్పితే దఫ్తరీ పనికి దించుతారు.

దఫ్తరీ అంటే పాత ఫైళ్లను గుడ్డలో మూటలు కట్టి అలమారాల్లోకి ఎక్కించే మనిషి. మా ఆఫీసులో ఆ పని బాలమల్లుది. మంచివాడు. ఆర్డరు వచ్చిన మర్నాడే నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

“సాబ్, ఫికర్ చెయ్యకున్రి. మీరొస్తే కిటికి కాడి జాగ మీకే ఇస్త. గాలి మంచిగొస్తది.”

వాడు ప్రేమతోనే అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఇక్కడ నా పనితనం ఒకటి చెప్పాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఉర్దూ మిషనూ అంతే, ఒక అక్షరం కొడితే తర్వాతది దాని ఎడమ పక్కన పడుతుంది. కానీ అంకెలు మాత్రం ఉర్దూలో కూడా మనలాగే ఎడమ నుంచి కుడికి. మిషనుకు ఆ తేడా తెలియదు. 1958 అని పడాలని ఒకటి, తొమ్మిది, ఐదు, ఎనిమిది అని వరసగా కొడితే కాగితం మీద 8591 అని కూర్చుంటుంది. అందుకని నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక పద్ధతి చెప్పాడు. నంబరుకు కావలసినంత చోటు వదిలి, ఎడమ చివర మొదటి అంకె కొట్టాలి. తర్వాత బ్యాక్‌స్పేస్ మీట రెండుసార్లు నొక్కి వెనక్కి వచ్చి రెండో అంకె కొట్టాలి. మళ్లీ రెండుసార్లు వెనక్కి, మూడో అంకె. ఆ మీటను మేం వాపసు మీట అనేవాళ్లం. ఒక నంబరు కొట్టేసరికి చిటికెన వేలు గుంజేది.

నెల తిరగకముందే నేను ఆ పద్ధతికి దండం పెట్టాను. నంబరును తోక నుంచి కొట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది, ఐదు, తొమ్మిది, ఒకటి. కాగితం మీద చక్కగా 1958. వాపసు మీటతో పనే లేదు. ఈ అడ్డదారి నేను కనిపెట్టిందేం కాదు, చేయి తిరిగిన ఉర్దూ టైపిస్టులందరికీ తెలిసిందే. కానీ నా వేగం ఎవరికీ లేదు. ఏడంకెల ఫైలు నంబరును ఒక్కసారి చూస్తే చాలు, వేళ్లు తోక పట్టుకుని లాగేసేవి. సరిచూసుకోవడం కూడా కొట్టిన వరసలోనే, తోక నుంచి. పద్నాలుగేళ్లలో నా చేతి మీదుగా ఒక్క నంబరు తప్పు పోలేదు. మా సూపరింటెండెంటు రామచంద్రమూర్తి గారు కొత్తగా వచ్చిన గుమాస్తాలకు నన్ను చూపించి ఆ మాట చెప్పేవారు. నేను తల వంచుకుని పని చేసుకుంటున్నట్టు నటించేవాణ్ణి, చెవులు మాత్రం అక్కడే ఉండేవి.

మొదటి పరీక్షకు నేనెవరి దగ్గరికీ పోలేదు. మెట్రిక్ దాకా ఇంగ్లీషు చదివినవాణ్ణి, మిషను ముందు పుట్టినట్టే ఉన్నవాణ్ణి, నాకు నేర్పేదేంది అని ఆఫీసులోని ఇంగ్లీషు మిషను మీద సాయంత్రాలు కూర్చుని నేనే నేర్చుకున్నాను. పరీక్షలో పది నిమిషాల పాఠాన్ని తొమ్మిదో నిమిషంలోనే ముగించాను. మిగిలిన నిమిషంలో సరిచూసుకున్నాను. ఒక్క తప్పు కనబడలేదు. ఇంటికి పోతూ గౌలిగూడలో జిలేబీ కూడా కట్టించుకున్నాను.

ఫెయిలు. కారణం చెప్పరు. గోడ మీద అంటించిన కాగితంలో నా నంబరు లేదు, అంతే. ఎవడో గిట్టనివాడు చేశాడనుకున్నాను. ఎవడా అని ఆలోచిస్తే నాకు గిట్టనివాళ్లు చాలామందే తేలారు.

“గట్ల అందరినీ తిట్టుకుంట కూసుంటే పాసైతరా?” అంది నా భార్య సౌభాగ్య. “నాంపల్లిల నేర్పిస్తరంట గద. పోయి అడగరాదు?”

నాంపల్లి స్టేషను రోడ్డులో సైకిళ్ల దుకాణం మీద ఆ ఇన్‌స్టిట్యూటు. ఇరుకు మెట్లు, పన్నెండు మిషన్లు, అన్నీ ఒకేసారి మోగుతుంటే కింద రిక్షా గంట కూడా వినబడదు. నేర్పేది నళిని అనే అమ్మాయి. ఇరవై మూడేళ్లుంటాయి. నా ముందు బెంచీలో కూర్చున్నవాళ్లకు ఇంకా మీసాలు రాలేదు. ముసలోడికి దసరా పండగ అని వాళ్లు అనుకుంటున్నట్టే నాకు తోచేది. నిజానికి వాళ్లు నన్ను చూడను కూడా లేదు.

మొదటి రోజే నళిని నా చేత ఒక పేజీ కొట్టించింది. ఎర్ర పెన్సిలుతో కాగితం మీదికి వంగింది. వేగం చూసి తల ఊపింది. నాకు ఛాతీ ఉబ్బింది. తర్వాత పెన్సిలు ఒకచోట ఆగింది, ఇంకోచోట ఆగింది.

“సార్, బుక్కుల పంతొమ్మిది వందల యాభై ఎనిమిది అని ఉన్నది. మీరు ఎనిమిది వేల ఐదు వందల తొంభై ఒకటి కొట్టిన్రు. గా సంవత్సరం వచ్చేదాక మీరుంటరా, నేనుంటనా?”

“సరిగ్గనే ఉన్నది గదమ్మా,” అని నేను కోపంగా వేలు పెట్టి చూపించాను. పుస్తకంలో తోక నుంచి, కాగితంలో కొట్టిన వరస నుంచి. ఎనిమిదికి ఎనిమిది. ఐదుకు ఐదు. తొమ్మిదికి తొమ్మిది. ఒకటికి ఒకటి. నాలుగూ కలిశాయి.

నళిని నా వేళ్ల వంక చూసింది, నా మొహం వంక చూసింది. “సార్, మీరు జదివేది గూడ ఉల్టానే జదువుతున్నరు,” అంది మెల్లగా.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. మొదటి పరీక్షలో తేదీలన్నీ, పేజీ నంబర్లన్నీ తలకిందులుగా కొట్టి, తలకిందులుగానే సరిచూసుకుని, జిలేబీ తింటూ ఇంటికి పోయాను. ఆ గిట్టనివాళ్లందరికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను, ఒకరిద్దరికి తప్ప.

“గింతేనా! రేపటి సంది తల నుంచి కొడత,” అన్నాను.

అనడం తేలికే. అలవాటు లేని ఔపాసన మూతీ మీసాలూ కాల్చిందన్నట్టయింది నా పని. అక్షరాలు కొడుతున్నంతసేపూ బాగానే ఉండేది. అంకె కనబడగానే చేయి తోకవైపు ఉరికేది. ఆపేవాణ్ణి. ఆపి, తల నుంచి కొట్టాలి అనుకునేవాణ్ణి. అనుకునేలోపల రెండు అంకెలు పడిపోయి ఉండేవి, ఏ వైపు నుంచి పడ్డాయో నాకే తెలిసేది కాదు. 348 అని ఉంటే ఒకసారి 843 పడేది, ఒకసారి 348 పడేది, ఒకసారి 384 పడేది. ఆ చివరిది ఏ దేశపు లెక్కో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తికమక ఇంటికి కూడా వచ్చింది. సైదాబాదు పోవడానికి బస్సు కోసం అఫ్జల్‌గంజ్‌లో నిలబడి, వచ్చిన బస్సు నంబరు చూసి, ఇది మనదేనా లేక మనదాని ఉల్టానా అని ఆలోచిస్తుంటే బస్సు వెళ్లిపోయింది. కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ ఇంటి నంబరు అడిగితే నేను నోరు తెరిచి ఆగిపోయాను.

“ఇంటి నంబరు చెప్పనీకి గింత సోచాయిస్తరేంది?” అని సౌభాగ్యే చెప్పింది. వాడు పోయాక నా నుదురు మీద చేయి పెట్టి చూసింది. “జరమేం లేదు. మరేమైంది మీకు?”

ఏం చెప్పను? పరీక్ష ఆరు వారాల్లో ఉంది. నాకు భయం వేసింది, నిజమైన భయం. కిటికీ పక్కన గాలి వచ్చే జాగ కళ్ల ముందు కనబడేది. బాలమల్లు పక్కన కూర్చుని మూటలు కట్టడం చిన్నతనమని కాదు. కాదని ఇప్పుడు అంటున్నాను గానీ అప్పుడు చిన్నతనమే అనుకున్నాను. నంబరు తప్పనివాడు అని పేరు పడ్డ మనిషిని నంబర్లు తప్పాడని కుర్చీలోంచి లేపుతారు కదా, అది నాకు మింగుడు పడలేదు.

ఉపాయం ఒక సోమవారం సాయంత్రం తట్టింది. చేయి తోక నుంచే పోతానంటే పోనీ. ఉస్తాద్ చెప్పిన పద్ధతినే ఇంగ్లీషు మిషను మీద తిప్పి పెడితే? 1958 వచ్చింది అనుకోండి. మూడు గళ్లు ముందుకు జరిగి, తోకలోని ఎనిమిది కొట్టాలి. వాపసు మీట రెండుసార్లు. ఐదు. రెండుసార్లు. తొమ్మిది. రెండుసార్లు. ఒకటి. చివరకు మూడు గళ్లు ముందుకు. కొట్టి చూశాను. కాగితం మీద 1958 అని తల పైన, కాళ్లు కింద ఉన్న మనిషిలా నిలబడింది. పద్నాలుగేళ్ల కింద ఏ మీటకు దండం పెట్టి వదిలేశానో దాని కాళ్లే మళ్లీ పట్టుకోవలసి వచ్చింది.

పన్నెండు మిషన్ల చప్పుడులోనూ ఆ టకటక వేరుగా వినబడి నళిని వచ్చి నా వెనక నిలబడింది.

“ఏంది సార్ గది?”

చూపించాను. ఆమె నవ్వలేదు. “సీదా కొట్టుకోవచ్చు గద సార్! నాలుగు దెబ్బల పనికి పదహారు దెబ్బలు కొడుతున్నరు.”

“చెయ్యి ఇంటలేదమ్మా.”

ఆమె చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టింది. నా చేత నంబర్లున్న పేజీ కొట్టించింది. ఒక్కో నంబరుకు నాలుగు సెకన్లు ఎక్కువ పట్టాయి. పేజీలో పన్నెండు నంబర్లు. నా వేగం నిమిషానికి ముప్పై మాటలకు పైనే ఉంది కాబట్టి పది నిమిషాల్లో సరిగ్గా సరిపోతుంది, ఊపిరి తీసుకోవడానికి మాత్రం ఏం మిగలదు.

“సరే,” అంది. “పరీక్ష వరకు గిట్లనే కానియ్యున్రి. పరీక్ష అయినంక గా మీట మీకు బంద్.”

పరీక్ష రోజు ఇన్‌స్టిట్యూటు మిషనును రిక్షాలో పెట్టుకుని నాంపల్లిలోని బడికి పోయాను. అప్పట్లో ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలి. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే నా మోకాళ్లు తిమ్మిరెక్కాయి. హాలులో నా చోటు దొరికింది. హాల్‌టికెట్టు బల్ల మీద పెట్టాను. నా నంబరు 126. గంట కొట్టకముందే కాగితం ఎక్కించి పైన కుడి మూల నంబరు కొట్టుకోవాలన్నారు. కొట్టాను. పేరు రాయకూడదు, దిద్దేవాళ్లకు ఎవరిదో తెలియకూడదు కదా.

గంట మోగింది. పాఠంలో పద్నాలుగు నంబర్లున్నాయి. ఒక్కోదాని దగ్గర ఆగి, గళ్లు లెక్కపెట్టి, తోక కొట్టి, వాపసు, వాపసు. చుట్టూ అందరి మిషన్లూ వానలా కురుస్తుంటే నాది మాత్రం కుంటి గుర్రం నడకే. చివరి వాక్యం చివరి మాటకు రెండో గంట మోగింది. పద్నాలుగు నంబర్లనూ తల నుంచి చదివి చూసుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈసారి జిలేబీ కట్టించుకోలేదు, దిష్టి తగులుతుందని.

ఫలితాలకు రెండు నెలలు పడుతుందన్నారు. మర్నాడు నళిని నా మిషను మీద వాపసు మీటకు సిరాబుడ్డి మూత బోర్లించి దారంతో కట్టేసింది.

“పరీక్ష అయిపాయె గదమ్మా!”

“పాసైతే రేపటి సంది రోజు ఇంగ్లీషే కొట్టాలె. జిందగీ అంత గట్లనే టకటక అనుకుంట కూసుంటరా?”

నా కూతురు వయసున్న పిల్ల నన్ను గదమాయిస్తుంటే కోపం వచ్చేది, మళ్లీ సాయంత్రానికి మెట్లెక్కి అక్కడే తేలేవాణ్ణి. ఆఫీసులో కూడా చేసే పని లేదు. ఆ రెండు నెలల్లో ఒక్క ఉర్దూ చిట్టీ రాలేదు, నా మిషను ముసుగు వేసుకుని మూలన కూర్చుంది. నేను ఇన్‌స్టిట్యూటులో నంబర్లు కొడుతూ పోయాను. వేలు వాపసు మీట మీదికి పోవడం, సిరాబుడ్డి మూత తగలడం, వెనక్కి రావడం. కొన్నాళ్లకు పోవడమే మానేసింది. ఒకరోజు పేజీ అంతా కొట్టి ఇచ్చాక నళిని ఎర్ర పెన్సిలు తీయలేదు. అన్ని నంబర్లూ తల నుంచి, ఒక్క వాపసు లేకుండా. నేను గమనించనే లేదు.

ఆ వారమే నాకు పరీక్షల ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

కోదండరామయ్య గారని గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆఫీసరు. మర్యాదస్థుడు. కూర్చోమన్నారు. పక్కన హెడ్‌గుమాస్తా వెంకటనర్సయ్య నిలబడి ఉన్నాడు, మా వైపు మనిషే, నా వయసువాడే.

“నూట ఇరవై ఆరు మీ నంబరేనా?”

“ఔ సార్.”

“హాజరు పట్టీలో మీ సంతకం ఉందండీ. కానీ నూట ఇరవై ఆరు నంబరు కాగితం మాకు రాలేదు.” ఆయన ఒక కాగితం నా ముందు పెట్టారు. “ఇది వచ్చింది. ఆరు వందల ఇరవై ఒకటి. ఆ నంబరు శ్యామ్‌సుందర్ అనే ఆయనది. ఆయన ఆ రోజు పరీక్షకే రాలేదు. రాని మనిషి కాగితం ఎలా వచ్చిందండీ? పైగా పాసు మార్కులతో!”

కాగితం నాదే. కుడి మూల చూశాను. 621. పాఠంలోని నంబర్లన్నిటికీ జాగ్రత్త పడ్డాను గానీ, ఇది పాఠంలోది కాదు. చిట్టీ తల మీద ఫైలు నంబరు వేసినట్టు పాత చేయి తోక పట్టుకుని ఆరు, రెండు, ఒకటి అని వేసేసింది. గళ్లు వదలలేదు, వాపసు నొక్కలేదు.

“శ్యామ్‌సుందర్ మీకు ఏమవుతాడు?” అన్నారు ఆఫీసరు. “మీ కాగితం ఇవ్వకుండా ఆయన బదులు కొట్టి పెట్టారు. దొంగ పరీక్ష అంటే ఉద్యోగమే పోతుంది, తెలుసా?”

దఫ్తరీ జాగ కూడా పోతుందన్నమాట. గబగబా చెప్పాను, ఉర్దూ మిషను గురించి, తోక గురించి, అలవాటు గురించి. ఏది ముందు చెప్పానో ఏది వెనక చెప్పానో నాకే తెలియదు. ఆయనకు ఉర్దూ రాదు. చాలాసేపు విని కనుబొమలు ముడిచారు. తర్వాత తన ఇంగ్లీషు మిషను ముందు నన్ను కూర్చోబెట్టి ఒక పేరా ఇచ్చారు.

“ఇది కొట్టండి, చూద్దాం.”

నా పనితనం చూస్తున్నారనుకున్నాను. బాగా కొడితే నమ్ముతారనుకున్నాను. మనసంతా పెట్టి కొట్టాను. అందులో ఐదు నంబర్లున్నాయి. ఐదూ తల నుంచి, సీదాగా, నళిని చూస్తే మెచ్చుకునేటట్టు. కాగితం లాగి ఆయన చేతికి ఇచ్చేటప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆయన చూశారు. “చక్కగా కొట్టారండీ. ఒక్క నంబరు కూడా తిరగబడలేదు.” కాగితం బల్ల మీద పెట్టారు. “తిరగబడి ఉంటే మీ మాట నమ్మేవాణ్ణి.”

అప్పుడు అర్థమైంది ఆయన దేనికి కొట్టించారో. ఇన్ని నెలలుగా ఏది వదిలించుకోవడానికి చచ్చానో, ఆ ఒక్కటీ నా దగ్గర ఉండవలసిన ఘడియలో లేకుండా పోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కావాలని ఉల్టా కొట్టి చూపిస్తానంటే నమ్మేవాడెవడు?

వెంకటనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. “సార్, ఉర్దూ మిషన్ మనకాడ ఉన్నది. గా మూలకు. గాయన అలవాటు దాని మీదనే గద. దాని మీదనే కొట్టిపిచ్చి జూడున్రి.”

ఆ మిషను మీది ముసుగు తీశారు. మా ఆఫీసులో ఉన్నదాని జోడీ. కాగితం ఎక్కించాను.

“మీ నంబరు కొట్టండి,” అన్నారు ఆఫీసరు.

నాకు కొత్త భయం పట్టుకుంది. ఈ మిషను మీద తోక నుంచి కొడితే కాగితం మీద సరిగ్గా 126 అనే పడుతుంది. ఆయన అది చదివించుకుని, ఇక్కడా సీదాగానే వచ్చింది కదండీ అంటారు. అందుకని ముందే అన్నాను. “కాయిదం కాదు సార్, నా వేళ్లు జూడున్రి. ఏది ముందు కొడుతున్ననో గది జూడున్రి.”

వెంకటనర్సయ్య నా వేళ్ల మీదికి వంగాడు. ఆఫీసరు మాత్రం కాగితం మీదికే వంగారు. మూడు దెబ్బలు కొట్టాను.

“ఏం పడిందండీ?” అని ఉర్దూ అంకెలు తెలియని ఆఫీసరు వెంకటనర్సయ్యను అడిగారు.

వెంకటనర్సయ్య కాగితం చూశాడు, నా వేళ్లు చూశాడు, నా మొహం చూశాడు.

“ఆరు వందల ఇరవై ఒకటి, సార్.”

“అదీ సంగతి!” ఆఫీసరు నిటారుగా లేచారు. “ఈ మిషను మీద నూట ఇరవై ఆరు కొడితే ఆరు వందల ఇరవై ఒకటి పడుతుందన్నమాట. ఇన్నేళ్లు దీని మీద కొట్టిన చెయ్యి కంగారులో అక్కడా అలాగే కొట్టింది. ఈ ముక్క ముందే చెబితే పోయేది కదండీ!”

అది కాదు సార్ అని నా నోటిదాకా వచ్చింది. ఈ మిషను మీద నంబరు తిరగబడిందంటే తల నుంచి కొట్టానని అర్థం. ఒకటి, రెండు, ఆరు. ఉర్దూ మిషను ముందు మొదటి రోజు కూర్చున్న పిల్లవాడు చేసే తప్పు అది. పద్నాలుగేళ్లు ఒక్క నంబరు పోగొట్టుకోనివాడు చేసే తప్పు కాదు. కానీ ఆయన అప్పటికే కలం తీసి నా కాగితం మీద 621 కొట్టేసి పక్కన 126 అని రాస్తున్నారు. కింద సంతకం పెట్టారు. నేను నోరు మూసుకున్నాను. నా కుర్చీ ఆ సంతకంలో ఉంది.

“పాసయ్యారు, వెళ్లిరండి,” అని ఆయన ఇంకో గదిలోకి వెళ్లారు.

లేవబోయి మళ్లీ కూర్చున్నాను. వెంకటనర్సయ్య మిషను ముసుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నేను గూడ గీ మిషన్ మీద కొట్టినోన్నే,” అన్నాడు మెల్లగా. “మీ చెయ్యి పోయిందన్నా.”

“ఒక్కసారి కొట్టనియ్యి.”

“పాసైతిరి గద. ఇంకెందుకు?”

వేళ్లు మీటల మీద పెట్టి ఇంకేం ఆలోచించకుండా కొట్టాను. 621. మళ్లీ కొట్టాను. మళ్లీ 621. నాకు ఏడుపు వచ్చింది, వెంకటనర్సయ్య కిటికీ వైపు తిరిగాడు. మూడోసారి ఒక్కో మీటనూ కళ్లతో వెతుక్కుని, ఆరు ఎక్కడుందో చూసి ఆరు, రెండు ఎక్కడుందో చూసి రెండు, చివరకు ఒకటి కొట్టాను. 126 పడింది.

“వచ్చింది గదన్నా,” అన్నాడతను.

“ఔ, వచ్చింది,” అని లేచాను. దానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరమూ చూశాం.